బొమ్మా? బొరుసా?

ఆ ఇంట్లో వరసగా ముగ్గురూ ఆడపిల్లలే. కోడలు మళ్ళీ నీళ్ళోసుకుంది. "ఈసారి మగపిల్లాడే పుట్టాలి. లేకపోతే నా కొడుక్కి ఇంకో పెళ్ళి చేస్తా" అంది అత్త. కోడలికి అన్నం సయించడం లేదు.

రాత్రి చదువుకోవడానికి ఇద్దరూ కేంద్రానికి వచ్చారు. ఆ రోజు నర్సమ్మ కూడా వచ్చింది. అత్త చేతికి రూపాయి బిళ్ళ ఇచ్చింది.

"బొమ్మ పడితే మగపిల్లాడు. బొరుసు పడితే ఆడపిల్ల. ఎగరెయ్యి పెద్దమ్మా" అంది.

అత్త ఎగరేస్తూ పోయింది. ఒకచోట వరసగా మూడుసార్లు బొరుసు పడింది.

"ఇప్పుడేం పడుతుంది?"

"మూడు బొరుసులయ్యాయిగా! ఇక బొమ్మే."

మళ్ళీ బొరుసే పడింది. అందరూ నవ్వారు.

"ఇంతకుముందు ఏం పడిందో బిళ్ళకేం తెలుసు? ప్రతిసారీ సగం సగమే. కాన్పూ అంతే" అంది నర్సమ్మ.

"తప్పు ఎవరిది మరి?"

"ఎవరిదీ కాదు. తల్లి అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. తండ్రి వీర్యకణాల్లో సగం ఎక్స్‌వి, సగం వైవి. ఎక్స్ కలిస్తే ఆడపిల్ల, వై కలిస్తే మగపిల్లాడు. ఏది కలవాలో తండ్రి చేతిలోనూ లేదు. రెండో పెళ్ళి చేసినా సగం సగమే."

"ఇన్నాళ్ళూ దీన్ని ఆడిపోసుకున్నానే!" అంది అత్త.

లెక్క చూద్దాం

మూడు కాన్పులు 8 రకాలుగా జరగవచ్చు.

ముగ్గురూ మగపిల్లలు – 1
ఇద్దరు మగ, ఒకరు ఆడ – 3
ఒకరు మగ, ఇద్దరు ఆడ – 3
ముగ్గురూ ఆడపిల్లలు – 1

అంటే మూడేసి కాన్పులైన ఇళ్ళు 80 ఉంటే, సుమారు 10 ఇళ్ళలో ముగ్గురూ ఆడపిల్లలే ఉంటారు. ఇది శాపం కాదు. లెక్క.

తెలుసుకోండి

నిజానికి మగపిల్లలు కొంచెం ఎక్కువగా పుడతారు. 100 మంది ఆడపిల్లలకు సుమారు 105 మంది. అంటే 1000 మంది మగపిల్లలకు సుమారు 950 మంది ఆడపిల్లలు. మన దేశంలో ఆరేళ్ళలోపు పిల్లల్లో, 1000 మంది మగపిల్లలకు 1991లో 945 మంది ఆడపిల్లలు ఉన్నారు. 2001లో 927 మందే. 2011లో 920 మంది కూడా లేరు. ఇది ప్రకృతి చేసింది కాదు. మనుషులు చేసింది.

కడుపులో ఉన్నది ఆడో మగో పరీక్ష చేసి చెప్పడం నేరం. అడగడమూ నేరమే. ఈ చట్టం 1994లో వచ్చింది. 1996 నుంచి అమలులో ఉంది.

చేసి చూడండి

బిళ్ళను మూడేసి సార్లు ఎగరేయండి. ఇలా 24 మార్లు చేయండి. మూడూ బొరుసే పడినవి ఎన్ని? పలక మీద రాయండి.

ఆలోచించండి

కొడుకు కోసం కాన్పు మీద కాన్పు అయితే తల్లి ఆరోగ్యం ఏమవుతుంది?