మన నీడ, వాళ్ల నీడ

చిరంజీవి బుజ్జమ్మకి, మీ మాస్టారు ఆశీర్వదించి రాసేది.

ఉద్యోగంలో చేరి ఏడాది తిరక్కుండానే, మచిలీపట్నం పక్క పల్లెలో ఉన్న మీ హైస్కూలుకి జర్మనీలో లైప్‌జిగ్ ఊరి బడితో జోడీ కుదిరిందనీ, ఆ ఊరు మ్యాపులో ఎక్కడుందో చూడటానికి తొమ్మిదో తరగతి పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడ్డారనీ నువ్వు ఫోన్లో చెబుతుంటే మీ మామ్మగారికీ నాకూ ఎంత గర్వమేసిందో చెప్పలేను. ఫోను పెట్టేశాక మాత్రం కాస్త బెంగ కూడా వేసింది, ఎందుకంటే ఇలాంటి స్నేహాలు మొదలవటం తేలికే గాని నిలబడటం కష్టం, పైగా నువ్వు ఏ పని నెత్తినేసుకున్నా తిండీ నిద్రా మానేసే మనిషివి.

లైప్‌జిగ్ బడివాళ్లు మంచివాళ్లే అయ్యుంటారు తల్లీ, మంచివాళ్లు కాబట్టే మొదటి ఉత్తరంలోనే మీ బడికి ఏం కావాలి, ఏం పంపమంటారు అని అడగొచ్చు. మన బడుల్లో లేనివి రాయటం మొదలుపెడితే చాంతాడంత అవుతుంది గాని, ఆ జాబితా మొదటి జవాబులోనే వెళ్లిందంటే ఇక ఎప్పటికీ వాళ్లు పంపేవాళ్లూ మనం థాంక్సు చెప్పేవాళ్లమూ అయిపోతాం, మన పిల్లలు చేతులు కట్టుకుని ఫొటోకి నిలబడటం తప్ప ఇంకేమీ నేర్చుకోరు. ఇది నీకు నేను చెప్పాలా! నువ్వు ఎనిమిదిలో ఉండగా ఇటుక బట్టీ పనికి ఒడిశా నుంచి వచ్చినవాళ్ల పిల్ల ఒకతి మన తరగతిలో చేరింది, గుర్తుందా? తెలుగు ముక్క రాక వెనక బెంచీలో గోడకి ఆనుకుని కూర్చునేది, అందరూ జాలిపడి పెన్సిళ్లూ రిబ్బన్లూ ఇస్తుంటే ఆ పిల్ల తల ఇంకా కిందకి దిగిపోయేది, నువ్వేమో ఏమీ ఇవ్వకుండా పోయి పక్కన కూర్చుని వాళ్ల అంకెలు నాకు నేర్పవా అని సైగలతో అడిగావు. కొన్నాళ్లకి తరగతంతా ఒడియాలో లెక్కపెడుతుంటే ఆ పిల్ల బోర్డు దగ్గర నిలబడి మా అందరి తప్పులూ దిద్దింది, నావి కూడా. ఎదుటివాళ్ల దగ్గర ఏముందో అడిగి తీసుకోవటం నీకు అప్పుడే వచ్చు, ఇప్పుడు అదే పని దేశాల మధ్య చెయ్యాలి, అంతే.

అందుకని మొదటి పని ఇద్దరూ కలిస్తేనే తెమిలేదిగా ఉండాలని నా ఆలోచన. మార్చి 20, 21 తేదీల్లో పగలూ రాత్రీ ఇంచుమించు సమానం కదా, అప్పుడు మీటరు కర్రని నేల మీద నిటారుగా నిలబెట్టి, మధ్యాహ్నం నీడ బాగా పొట్టిదైన క్షణాన కొలిపించు. మీ వైపు అది 29 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది, అదీ గడియారంలో 12 దాటి పది నిమిషాలు పైనయ్యాక, అంటే ఒంటిపూట బడి వదిలేలోపే అయిపోతుంది. ఆ తర్వాత ఓపిక పట్టాలి, లైప్‌జిగ్‌లో మధ్యాహ్నం కావటానికి ఇంకో నాలుగున్నర గంటలు పైనే పడుతుంది గనక మన పిల్లలు అన్నం తిని, ఇళ్లకెళ్లి ఆడుకుంటున్న వేళకి వాళ్ల నీడ తేలుతుంది, అదే కర్రకి అక్కడ మీటరుంపావు! ఆ నీడల్ని బట్టి కోణాలు కడితే మనది 16 డిగ్రీలు, వాళ్లది 51, తేడా 35. ఉత్తర దక్షిణాలుగా రెండూళ్ల ఎడం సుమారు 3,900 కిలోమీటర్లు, దాన్ని 360కి పెంచి చూస్తే భూమి చుట్టుకొలత 40,000 కిలోమీటర్ల చిల్లర వస్తుంది. క్రీస్తుకు పూర్వం మూడో శతాబ్దంలో గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ చేసిందీ ఇదే, అలెగ్జాండ్రియా నీడని, దక్షిణాన సయీన్‌లో ఏడాదికోసారి మిట్టమధ్యాహ్నం నీడే పడదన్న సంగతితో జోడించి, ఆ రెండూళ్ల ఎడం భూమి చుట్టులో 50వ వంతని తేల్చాడు. వాళ్ల 125కి మన 29 కావాలమ్మా, మన పిల్లలకి ఆ సంగతి ఒక్కసారి అర్థమైతే ఇక ఎవరి ముందూ తల దించుకోరు.

మార్చిలో అక్కడ మబ్బు పట్టటం మామూలే. అప్పుడు ఎవరో ఒక గడుగ్గాయి పుస్తకంలోంచి అంకె తీసి నింపేద్దాం టీచర్ అంటాడు, వాణ్ణి కోప్పడకు, ఇద్దరూ ఒకే రోజు కొలిస్తే చాలు, మార్చిలో ఏ రోజైనా కోణాల తేడా మారదని లెక్క వేయించి చూపించు. వాళ్లకి ఎండ వచ్చేదాకా మనం మళ్లీ మళ్లీ ఎండలో నిలబడి కొలుద్దాం అని పిల్లల చేత అనిపించగలిగితే నువ్వు సైన్సుతో పాటు ఇంకోటి కూడా నేర్పినట్టే.

చిన్న పనులని తేలిగ్గా చూడకు. ఫ్రెంచివాళ్లూ జర్మన్లూ 1870 నుంచి 1945 లోపల మూడుసార్లు యుద్ధానికి దిగినవాళ్లు, 1963లో వాళ్ల నాయకులు డిగాల్, అడెనావర్ ఒప్పందం మీద సంతకాలు చేసి, ఆ ఏడాదే ఫ్రాన్సు, పశ్చిమ జర్మనీల పిల్లల రాకపోకల కోసం ఒక ఉమ్మడి కార్యాలయం పెట్టారు, దాని ద్వారా ఇప్పటికి 90 లక్షల మందికి పైగా అటూ ఇటూ వెళ్లొచ్చారు. లైప్‌జిగ్ అప్పట్లో తూర్పు జర్మనీలో ఉండిపోయింది గనక వాళ్ల తాతలకి ఆ భాగ్యం లేదు. 1988లో, అమెరికాకీ సోవియట్ యూనియన్‌కీ పడని రోజుల్లోనే, న్యూయార్క్ రాష్ట్రంలో 12 బడులూ మాస్కోలో 12 బడులూ కంప్యూటర్ల మీద కలిసి చదువుకున్నాయి. సంతకాలు పెద్దవాళ్లు చేస్తారు గాని, నిన్నటిదాకా శత్రువైనవాడి పిల్లని తన పిల్ల పక్కన కూర్చోబెట్టి అన్నం వడ్డించింది ఎవరో ఒక అమ్మే కదా, నాకు వాళ్ల మీదే గౌరవం ఎక్కువ.

ఇక జాగ్రత్తలు. మనకి జూన్ 12న బడి తెరిచిన కొన్నాళ్లకే వాళ్లకి ఆరు వారాల వేసవి సెలవులు వస్తాయి, దసరాకీ సంక్రాంతికీ మనం ఉండం, క్రిస్మస్‌కి వాళ్లుండరు, ఇవన్నీ ముందే రాసుకోండి, లేకపోతే జవాబు రాలేదని పిల్లలు చిన్నబుచ్చుకుంటారు. తల్లిదండ్రుల్ని అడక్కుండా ఏ పిల్ల ఫొటో గాని చిరునామా గాని పంపకు, వాళ్లవీ అడక్కు. ఉత్తరాలు బాగా రాసే నలుగురి చేతే రాయించకు, వెనక బెంచీ పిల్లల చేత కూడా తప్పులతోనే రాయనీ. అన్నిటికంటే ముఖ్యం, ఇప్పుడే ఇంకో టీచర్ని తోడు చేసుకో, ఈ స్నేహాలన్నీ ఒక్క మనిషి మీద నడిచి ఆ మనిషికి బదిలీ కాగానే ఆగిపోతాయి, నీకూ ఎప్పుడో ఒకప్పుడు బదిలీ తప్పదు, ఆ రోజున కూడా అక్కడి పిల్లల ఉత్తరానికి ఇక్కణ్ణించి జవాబు వెళ్లాలి.

వేళకి అన్నం తిను. మార్చిలో రెండు నీడల కొలతలూ నాకు రాయి, నేను కూడా లెక్క వేసుకుంటాను.

ఇట్లు,
నీ మేలు కోరే
మాస్టారు