మధుమేహమును బీమా నిధుల సహకారమును

మధుమేహము నొప్పి లేకుండ హాని చేయు వ్యాధి. రక్తములో చక్కెర చాలకాలము హెచ్చుగ నున్నయెడల కంటిలోని సన్నని రక్తనాళములును, మూత్రపిండములును, పాదముల నరములును చెడిపోవును. మేమెరిగిన యొక పెద్దమనిషికి మడమలో ముల్లు గ్రుచ్చుకొన్న సంగతియే తెలియలేదు. పుండు ముదిరిన తరువాత పాదమునే తీసివేయవలసి వచ్చెను. ఎవరైనను ముందుగ దానిని పరీక్షించియుండినయెడల ఆ పాదము నిలిచియుండునేమో! కావున ఈ వ్యాధికి మందొక్కటియే చాలదు. కాలము తప్పని పరీక్షలును కావలయును. వాని వ్యయమును భరించువారెవరు? ఈ విషయమున జర్మనీ దేశపు అనుభవము తెలిసికొనదగినది.

ఆ దేశమున 1883వ సంవత్సరమందు, బిస్మార్కు ప్రభుత్వకాలమున, పనివారికొరకు రోగబీమా శాసనము పుట్టెను. నేడు ప్రజలలో పదింట తొమ్మిదివంతుల మంది యిట్టి నిధులలోనివారే. సభ్యుడు తన రాబడిని బట్టి చందా నిచ్చును గాని రోగమును బట్టి కాదు. 1996 మొదలు చాలమందికి తమ కిష్టమైన నిధిని ఎన్నుకొను స్వేచ్ఛ కలిగెను. చిక్కు ఇచ్చటనే వచ్చినది.

రెండు నిధులున్నవనుకొందము. మొదటిది మధుమేహ రోగులను మిక్కిలి శ్రద్ధతో చూచును. ఆ మంచిపేరు విని రోగులు దానిలో చేరుదురు. వ్యయము పెరుగును, చందా హెచ్చును, ఆరోగ్యవంతులు రెండవదానికి పోవుదురు. మేలు చేసిన నిధియే నష్టపడును! నిధుల నడుమ సొమ్ము సర్దుబాటు 1994 నుండి యున్నను, వయస్సు మొదలగువానిని లెక్కించెనే గాని వ్యాధిని లెక్కింపలేదు.

2002వ సంవత్సరమున ఈ లోపమును సవరించిరి. చికిత్సా ప్రణాళికలో చేరిన మధుమేహ రోగులను సర్దుబాటులో ప్రత్యేకముగ లెక్కించి, వారిని చేర్చుకొన్న నిధికి తగిన సొమ్ము ముట్టునట్లు చేసిరి. ఆ ప్రణాళిక విధ మెట్టిదనగా:

మొదటిది, నిధులు వేరైనను చికిత్సా నియమములు అందరికి నొక్కటే. రెండవది, రోగి తన యిష్టముతో చేరి, ఒక వైద్యుని నెన్నుకొని, మూడు మాసముల కొకసారియో ఆరు మాసముల కొకసారియో చూపించుకొనును. మూడవది, రక్తపుపోటు, చక్కెర, మూత్రపిండములు, పాదములు, కన్నులు నియమిత కాలమున పరీక్షింపబడును. నాలుగవది, ఆహార వ్యాయామములను గూర్చి రోగికి పాఠములు చెప్పుదురు. ఐదవది, వైద్యులు వ్రాసి పంపిన వివరములను పరిశీలించి, వారి పని యెట్లున్నదో వారికే తెలియజేయుదురు.

నేడు అచ్చట నలువది లక్షలకు పైగా మధుమేహ రోగు లిట్టి ప్రణాళికలలో నున్నారు. చేరినవారిలో మరణములు తక్కువగ నున్నవని కొన్ని పరిశీలనలు తెలిపినవి. అయితే స్వయముగ చేరువారు మొదటినుండియే జాగ్రత్తగలవారై యుండవచ్చును. కావున ఆ మేలంతయు ప్రణాళికవలననే కలిగినదని చెప్పరాదు. విద్యార్థులు లెక్కలను చదువునపుడు ఈ సంగతి మరువరాదు.

దీనివలన మనము నేర్చుకొనదగిన దేమనగా, మంచిమనస్సు మాత్రమే చాలదు; మేలు చేయువాడు నష్టపడకుండ ఏర్పాటును గూడ సరిదిద్దవలయును. భారమును అందరును పంచుకొన్ననాడే శ్రద్ధకు చోటుండును.

విద్యార్థులారా, మీ యింట మధుమేహము గలవారున్నయెడల నేటి సాయంకాలమే వారి పాదములను చూడుడు. కన్నులు పరీక్షింపజేసికొని యెంతకాల మైనదో అడుగుడు. ఏడాది దాటినయెడల వారిని వైద్యునియొద్దకు తోడ్కొనిపొండు.