నడచుచున్న ప్రోగ్రామును డిస్కునకు తరలించుట

ఈ పత్రిక కొఱకు ఒక విద్యార్థి పాఠశాలలోని పాత కంప్యూటరుపై వ్యాసము టైపు చేయుచున్నాడనుకొనుడు. నడుమ పటములు గీయు ప్రోగ్రామును తెఱవవలసి వచ్చినది. మెమరీ చాలదు. మొదటి ప్రోగ్రామును మూసివేసిన చోటు దొరకును గాని, భద్రపఱచని పని పోవును. మూయకయే చోటు చేయు మార్గమొకటి గలదు. దానిని స్వాపింగు అందురు.

ఒకే గదిలో రెండు తరగతులు నడచు పాఠశాలలు మనకు క్రొత్త కావు. నల్లబల్ల ఒక్కటే. ఎనిమిదవ తరగతి లెక్క సగమైనది; తొమ్మిదవ తరగతికి బల్ల కావలెను. అప్పుడు బల్లపై నున్నదానిని నోటుపుస్తకములోనికి ఎత్తి వ్రాసికొని, పిమ్మట తుడిచివేయుదుము. బల్ల మెమరీ, నోటుపుస్తకము డిస్కు. అయితే కనబడు అంకెలను వ్రాసికొనిన చాలదు. తర్వాత వేయవలసిన మెట్టు ఏదో, మనసులో ఉంచుకొనిన అంకె యెంతో కూడ గుర్తు పెట్టవలెను. అట్లే ప్రోగ్రాము తర్వాత అమలు చేయవలసిన ఆజ్ఞ ఏదో, ప్రాసెసరు రిజిస్టరులలో ఏ విలువలున్నవో ఆపరేటింగు సిస్టము దాచి యుంచును. అందుచేతనే తిరిగి వచ్చిన ప్రోగ్రాము తాను ఆగిన సంగతినే యెఱుగక ముందుకు సాగును.

ఇందొక సూక్ష్మమున్నది. పాఠ్యపుస్తకములోని లెక్కను బల్లపై వ్రాసి యుంటిమి. దానిని మరల ఎత్తి వ్రాయనేల? పుస్తకములో నున్నదే గదా. మనము చేసిన క్రియను మాత్రము వ్రాసికొనిన చాలును. ప్రోగ్రాములోని ఆజ్ఞల భాగము మొదటినుండి డిస్కుపై నున్నదే. దానిని మెమరీనుండి ఊరక తుడిచివేసి, కావలసినపుడు మరల చదువవచ్చును. నడచుచుండగా పుట్టిన భాగములను, మారిన భాగములను మాత్రమే వ్రాయవలసి యుండును. తెలివైన సోమరితనమన్న ఇదియే యని మాకు తోచును.

1961 నవంబరులో అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ యందు ఫెర్నాండో కార్బాటో బృందము, ఒకే కంప్యూటరును పలువురు కలసి వాడుకొను సి.టి.యస్.యస్. అను వ్యవస్థను ప్రదర్శించెను. పిదప అది నడచిన ఐ.బి.యం. 7094 యంత్రమున 32,768 పదముల మెమరీ భాగములు రెండుండెను. పదమనగా ఇచట 36 బిట్లు. ఒక భాగము పర్యవేక్షక ప్రోగ్రామునకు, రెండవది వాడువారి ప్రోగ్రాములకు. ఒకరిది వెలుపలికి పోయి, మఱియొకరిది లోనికి వచ్చుచుండెడిది. వచ్చునది చిన్నదైనచో, ఉన్నదానిలో అంత మేర మాత్రమే తీసి, తక్కినది అచటనే విడిచెడివారు. దీనికి ఉల్లిపొర పద్ధతి యని పేరు. 1962 డిసెంబరున మాంచెస్టరులో ప్రారంభమైన అట్లాస్ యంత్రమో, మెమరీని 512 పదముల పుటలుగా విభజించి, పుట వెంబడి పుటను అయస్కాంత డ్రమ్మునకు పంపెడిది. నేటి కంప్యూటరులు చాలవఱకు ఈ పుటల పద్ధతినే యనుసరించుచున్నవి.

లినక్సులో ఒక ప్రోగ్రామునకు స్టాప్ అను సంకేతము పంపిన నది నిలిచిపోవును. కంట్ అను సంకేతముతో మరల కదలును. నిలిపినంతనే మెమరీ ఖాళీ కాదు. వేఱొక ప్రోగ్రాము చోటు కోరినపుడు, చాల సేపటినుండి ముట్టని పుటలను సిస్టము డిస్కునకు పంపును. అందులకై డిస్కుపై స్వాపు స్థలము ముందే కేటాయించి యుండవలెను.

దీనికి మూల్యము కాలము. తిరుగు డిస్కుపై ఒక చోటు వెదకి చదువుటకు సుమారు 10 మిల్లీసెకనులు పట్టును. మెమరీలో సుమారు 100 నానోసెకనులు చాలును. లక్ష రెట్ల భేదము! రెండు పెద్ద ప్రోగ్రాములను మార్చి మార్చి వాడినచో, యంత్రము అసలు పని మాని పుటలు మోయుటలోనే ప్రొద్దు పుచ్చును. కంప్యూటరు చెడిపోయినదని పిల్లలు మాతో చెప్పినపుడు, కొన్ని వేళల జరుగుచుండునది ఇదియే. క్రొత్త యంత్రము కొనుటకు ముందు, ఒకేసారి ఎన్ని ప్రోగ్రాములు తెఱచి యున్నవో చూడుడని తల్లిదండ్రులకు మా మనవి.

డిస్కుపై నున్నది గదా, కరెంటు పోయినను పని నిలుచునని కొందఱు తలంతురు. నిలువదు. ఏ పుట డిస్కుపై ఎచట నున్నదో తెలుపు పట్టిక మెమరీలోనే యుండును. కరెంటుతో అదియు పోవును. నోటుపుస్తకము మిగిలినను, ఏ లెక్క ఏ పుటలో నున్నదో చెప్పు దిక్కుండదు. యంత్రము మరల లేచినపుడు ఆ స్థలమును ఖాళీగానే యెంచును. కావున ప్రోగ్రామును నిలుపుటకు ముందే వ్యాసమును ఫైలుగా భద్రపఱచుకొనుడు.