యానాం వెళ్లేవారు తార్నాకలో తరచూ అడిగే ప్రశ్నలు

ఉస్మానియా క్యాంపస్ విద్యార్థులు, తార్నాక నివాసులు యానాం ప్రయాణానికి ముందు, ఒక్కోసారి చిక్కులో పడ్డాక, ఒక న్యాయవాదిగా నన్ను అడిగే ప్రశ్నలివి. ఈ జవాబుల్లో “సందర్శకుడు” అంటే తెలంగాణలో నివసిస్తూ, స్థిరపడే ఉద్దేశం లేకుండా యానాం వెళ్లే వ్యక్తి, స్త్రీ గాని పురుషుడు గాని. “సరిహద్దు” అంటే యానాంకూ ఆంధ్రప్రదేశ్‌కూ మధ్యనున్న హద్దు.

1. చుట్టూ ఆంధ్రప్రదేశే కదా, యానాంలో చట్టం ఎందుకు వేరు?
ఫ్రెంచి పాలన 1954లో ముగిసింది. విలీన ఒప్పందంపై 1956 మే 28న సంతకాలైనా, 1962 ఆగస్టు 16న గాని అది అమల్లోకి రాలేదు. పుదుచ్చేరి, కారైకాల్, మాహే, యానాం కలిసి ఒకే కేంద్రపాలిత ప్రాంతం. గౌతమీ తీరాన వినబడేది తెలుగే అయినా, అక్కడి పోలీసులు పుదుచ్చేరి పోలీసులు, హైకోర్టు మద్రాసు హైకోర్టు. పార్లమెంటు చేసిన చట్టాలు చాలావరకు రెండు వైపులా ఒకటే. రాష్ట్రాల చట్టాలు మాత్రం సరిహద్దు దగ్గర మారిపోతాయి.

2. ముందస్తు అనుమతి కావాలా?
భారతీయుడైన సందర్శకుడికి అక్కర్లేదు. లాడ్జిలో చూపడానికి గుర్తింపు కార్డు ఉంచుకోవాలి. క్యాంపస్‌లోని విదేశీ విద్యార్థులు పాస్‌పోర్టు, వీసా అసలు ప్రతులు తీసుకెళ్లాలి. విదేశీయుడు దిగిన 24 గంటల్లో అధికారులకు తెలియజేసే బాధ్యత లాడ్జిది. ఆ పని జరిగిందా అని అడిగి తెలుసుకోవడం విద్యార్థికే మేలు.

3. రైల్లో విద్యార్థి రాయితీ వర్తిస్తుందా?
విహారయాత్రకు వర్తించదు. సొంత ఊరికి గాని, విద్యాయాత్రకు గాని వెళ్లేటప్పుడు, విద్యాసంస్థ అధిపతి ఇచ్చిన ధ్రువపత్రంతో కౌంటరులో తీసుకునే టికెట్టుకే ఆ రాయితీ. యానాంకు రైలు లేదు. సికింద్రాబాదు నుంచి గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో కాకినాడ చేరి, అక్కడినుంచి సుమారు 30 కిలోమీటర్లు రోడ్డున వెళ్లాలి. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది.

4. సొంత బండి మీద వెళ్లవచ్చా?
వెళ్లవచ్చు. డ్రైవింగ్ లైసెన్సు దేశమంతటా చెల్లుతుంది. బండిని 12 నెలలకు మించి అక్కడే ఉంచితే తప్ప తిరిగి రిజిస్ట్రేషన్ అవసరం లేదు. డిజిలాకర్‌లోని పత్రాలు చాలు.

5. యానాంలో కొన్న మద్యం వెంట తెచ్చుకోవచ్చా? మూడు సీసాల దాకా ఫర్వాలేదంటారే?
తేవద్దు. మూడు సీసాల మాట 2020లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తీర్పుతో వచ్చింది. అదే ఏడాది ప్రభుత్వం నిబంధన మార్చి, పర్మిట్ ఉండాలన్నది. పాత తీర్పు పేపరు కటింగు చూపితే తనిఖీలో ఎవరూ వదిలిపెట్టరు. సందర్శకుడు సరిహద్దు దాటిన క్షణం నుంచి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం వర్తిస్తుంది. సీలు తీయని సీసా అయినా అంతే. వాహనాన్ని కూడా జప్తు చేయవచ్చు. సీసాతోపాటు దుకాణం బిల్లు భద్రంగా మడిచి పర్సులో పెట్టుకునే కుర్రాళ్లున్నారు. ఆ బిల్లు వారికి రక్షణ కాదు, సీసా ఎక్కడిదో చెప్పే సాక్ష్యం. వయోపరిమితీ ఒకటి కాదు: పుదుచ్చేరిలో 18, తెలంగాణలోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ 21.
అరెస్టు చేస్తే కారణం చెప్పాలి, మీరు కోరిన బంధువుకో మిత్రుడికో కబురు చేయాలి, ప్రయాణ సమయం మినహా 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలి. సోదాను వీడియో తీయాలి. ఈ హక్కులు నేరం చేసినవారికీ ఉంటాయి. మర్యాదగా, గట్టిగా అడగండి. చదవకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి.

6. యానాం వెళ్లి పెళ్లి చేసుకుంటే వయసు అడ్డురాదా?
వస్తుంది. బ్రిటిష్ ఇండియాలో 1929 నాటి శారదా చట్టం ఫ్రెంచి యానాంలో చెల్లకపోవడంతో ఒకప్పుడు పసిపిల్లలను అక్కడికి తీసుకెళ్లి పెళ్లిళ్లు చేశారు. ఆ దారి ఎప్పుడో మూసుకుపోయింది. నేడు అక్కడా వరుడికి 21, వధువుకు 18 ఏళ్లు నిండాలి. ప్రత్యేక వివాహ చట్టం కింద అయితే, నోటీసుకు ముందు ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులు ఆ జిల్లాలో నివసించి ఉండాలి. నోటీసు ప్రచురించాక మరో 30 రోజులు ఆగాలి. నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో పెళ్లి జరగాలి. హైదరాబాద్‌లో నివాసమున్న జంట ఇక్కడే నోటీసు ఇవ్వవచ్చు.

7. యానాంలో ఫోను పోయింది, తిరిగొచ్చేశాను. ఫిర్యాదు ఎక్కడ?
దొంగతనమైతే ఉస్మానియా యూనివర్సిటీ పోలీస్ స్టేషన్‌లోనే ఇవ్వవచ్చు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, నేరం ఎక్కడ జరిగినా సమాచారం తీసుకోవాలి. దీన్నే జీరో ఎఫ్‌ఐఆర్ అంటారు. దర్యాప్తు యానాం పోలీసులకు వెళ్తుంది. ఆన్‌లైన్‌లో ఇస్తే 3 రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. నకలు ఉచితం. స్టేషన్‌లో నిరాకరిస్తే పై అధికారికి పోస్టులో రాసి పంపండి, రసీదు దాచుకోండి. అక్కడా కదలిక లేకపోతే మేజిస్ట్రేటుకు దరఖాస్తు చేసుకోవచ్చు.

8. లాడ్జి అడ్వాన్సు తిరిగి ఇవ్వలేదు. కేసుకు యానాం వెళ్లాలా?
అక్కర్లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సందర్శకుడు తాను నివసించే చోటే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. గడువు రెండేళ్లు, చెల్లించిన సొమ్ము 5 లక్షల రూపాయల లోపైతే ఫీజు లేదు. అయితే రద్దు షరతులకు మీరు ఒప్పుకుని ఉంటే అవే ముందు చూస్తారు. బుకింగు రసీదు, మెసేజీలు చెరపవద్దు. హాస్టల్లో ఉండేవారు నివాసానికి రుజువుగా వార్డెన్ ఇచ్చిన ధ్రువపత్రం జతచేయాలి.