గుండె కణం రెండు కావాలంటే?

మోకాలు గీరుకుపోతే కొద్ది రోజుల్లో కొత్త చర్మం వస్తుంది. చుట్టుపక్కల ఉన్న చర్మ కణాలు విభజన చెంది, పోయిన కణాల లోటు తీరుస్తాయి. కాని గుండెపోటుతో మనిషి గుండెలో కండరం చచ్చిపోతే, ఆ చోట గట్టి మచ్చ మాత్రమే ఏర్పడుతుంది. మచ్చకు సంకోచించే శక్తి లేదు. ఎందుకీ తేడా?

గుండె కండర కణాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే అడ్డచారలు కనిపిస్తాయి. ఇవి సార్కోమియర్ల వరుసలు. ఒక్కొక్కటి మిల్లీమీటరులో సుమారు 500వ వంతు పొడవుంటుంది. వీటిలోని ఆక్టిన్, మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు ఒకదాని పక్కగా మరొకటి జారితే కణం కురచవుతుంది, గుండె కొట్టుకుంటుంది. కణమంతా నిండిన ఈ పోగులే విభజనకు అడ్డు.

రథోత్సవంలో తాడు లాగేవారిని చూశారు కదా! చేతిలోని తాడు వదలనిదే వారు మరో పని చేయలేరు. గుండె కణం సంగతీ అంతే. అది మొదట సార్కోమియర్ల చివరనుండే జెడ్ గీతలను, సన్నని ఆక్టిన్ పోగులను విడదీస్తుంది. తరువాత లావైన మయోసిన్ పోగులు విడిపోతాయి. అప్పుడు కేంద్రకం రెండవుతుంది. కణం నడుము చుట్టూ ఒక వలయం బిగిసి, కణం రెండుగా తెగుతుంది. పిల్ల కణాలు సార్కోమియర్లను మళ్ళీ కట్టుకుంటాయి.

ఈ పనిలో ఆరితేరినది మన దేశపు ఏరుల్లోనూ దొరికే చిన్న చారల చేప, జీబ్రా చేప. దాని జఠరికలో 5వ వంతు కోసివేసినా రెండు నెలల్లో తిరిగి పెరుగుతుందని 2002లో కెన్నెత్ పాస్, మార్క్ కీటింగ్ మొదలైనవారు చూపారు. మిగిలిన పాత కండర కణాలే పోగులు విప్పుకొని విభజన చెందుతాయని 2010లో తేలింది. ఒక రోజు వయసున్న ఎలుక పిల్లకూ ఈ శక్తి ఉంది. ఏడు రోజులకే పోతుందని 2011లో గమనించారు. ఆ వయసుకు చాలా కణాల్లో కేంద్రకం రెండవుతుంది గాని కణం తెగదు.

మనిషిలో ఈ శక్తి బొత్తిగా లేకపోలేదు. 25 ఏళ్ల వయసులో గుండె కండర కణాల్లో ఏడాదికి సుమారు 100కు ఒకటి కొత్తది వస్తుందని 2009లో స్వీడన్ శాస్త్రజ్ఞులు లెక్కకట్టారు. గుండెపోటు నష్టానికి ఇది చాలదు.

అయితే మందుతో కణాలన్నిటినీ విభజన చెందించవచ్చా? అందరూ ఒక్కసారే తాడు వదిలితే రథం ఆగిపోతుంది! కొన్ని కణాలు విప్పుకుంటుండగా మిగిలినవి లాగుతూనే ఉండాలి. శాస్త్రజ్ఞుల ముందున్న చిక్కు ఇదే.

మీ నాడి పట్టుకొని నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందో లెక్కపెట్టండి. దాన్ని 1,440తో గుణించండి. గుండెకు సెలవు ఎందుకు దొరకదో మీకే తెలుస్తుంది.