కొరింథు పత్రికయు దుబాయి రాత్రులును

పఠన భాగములు: అపొస్తలుల కార్యములు 18:1–11, 1 కొరింథీయులకు 6:12–20, 7:1–5, సామెతలు 7



నిజామాబాదు, బోధను, ఆర్మూరు ప్రాంతముల పల్లెలలో గల్ఫు దేశములకు ఒక్కరినైనను పంపని వాడ అరుదు. బోధను శక్కర్‌నగర్‌లో 1937లో స్థాపింపబడిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపొందినది. నిజాంసాగరు కాలువ క్రింద పండిన చెరకు అక్కడికి చేరెడిది, ఆ చెరకుతో ఎన్నో ఇండ్లు నిలిచినవి. ఆ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతబడెను. అంతకు చాల ముందుగానే, 1970 తరువాతి ఏండ్లలోనే, మనవారు గల్ఫునకు పోవుట మొదలుపెట్టిరి. ఫ్యాక్టరీ మూతబడిన పిమ్మట ఇంటిపట్టున ఉండవలెనని కోరినవారికి ఉన్న ఆసరాలలో ఒకటి పోయినది. కనుక దుబాయి రాత్రులను గూర్చిన పాఠము మన సంఘములకు దూరదేశపు కథ కాదు.

ఆ పట్టణమును మన యువకులు మొదట చూచునది సెల్‌ఫోనులో. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా, సముద్రపుటొడ్డున హోటళ్లు, తెల్లవారువరకు ఆరని దీపములు, నవ్వుచు తిరుగు స్త్రీపురుషులు. మేస్త్రీ పనికి పోయినవాడు చూచునది వేరు. సోనాపూరు క్యాంపులో ఒకదానిమీద నొకటి అమర్చిన ఇనుప మంచములు, వంటకు వరుస, చీకటితోనే బస్సు. సోనాపూరు అనగా బంగారు ఊరు! ఆ పేరు పెట్టినవాడెవడో గాని హాస్యమెరిగినవాడు. అయినను వారమునకొక సెలవుదినము వచ్చును, జీతపు రోజు వచ్చును, ఆ దీపములు బస్సు కిటికీలోనుండి కనబడుచునే ఉండును.

ఇట్టి పట్టణము పేరెత్తగానే మన ప్రసంగములలో సొదొమ గొమొఱ్ఱాల మాట వచ్చును. అది సులువైన మాట. సొదొమలో ఉన్నవాడు చేయవలసినది ఒక్కటే, పారిపోవుట. ఏజెంటునకిచ్చిన అప్పు తీరక, పాస్‌పోర్టు యజమాని యొద్ద చిక్కియున్నవానికి ఆ ప్రసంగము ఏమి సహాయము చేయును? నా మట్టుకు కొరింథు పత్రికయే వానికి తగినదని తోచుచున్నది. అది అట్టి పట్టణములో నివసించుచు, పని చేయుచు, ప్రభువును వెంబడింపవలసినవారికి వ్రాయబడినది.

కొరింథును రోమా సైన్యము క్రీ.పూ. 146లో నేలమట్టము చేయగా, సుమారు నూరేండ్ల తరువాత క్రీ.పూ. 44లో జూలియస్ కైసరు దానిని మరల కట్టించుటకు ఏర్పాటు చేసెను. రెండు సముద్రముల నడుమనున్న ఇరుకైన నేలమీద, ఇరుప్రక్కల రేవులు గలిగి, త్వరగా ధనమార్జించిన క్రొత్త పట్టణమది. నావికులు, వర్తకులు, విడుదల పొందిన దాసులు, ఆటల పండుగలకు వచ్చు జనులు అక్కడ గుంపులుగా తిరిగెడివారు. పాత కొరింథు కాలముననే గ్రీకులు ఆ ఊరి పేరునుండి ఒక క్రియాపదము చేసికొనిరి. వ్యభిచరించుట అని దాని భావము. పౌలు సుమారు క్రీ.శ. 50లో అక్కడికి వచ్చి ఏడాదిన్నర నివసించెను. ఆయన విహారమునకు పోలేదు; డేరాలు కుట్టి చేతిపనితో బ్రదికెను. ఆయనకు ఆశ్రయమిచ్చిన అకుల, ప్రిస్కిల్ల అనువారు రోమానుండి వెడలగొట్టబడి వచ్చిన భార్యాభర్తలు. ఇద్దరు కూడి వలస వచ్చిరని గమనింపుడు. ఆ సంగతి మరల చెప్పుకొందము.

ఇక దుబాయి రాత్రుల సంగతి. దేరా, బర్ దుబాయి పేటలలోని కొన్ని హోటళ్లలో మన దేశపు పాటలు మ్రోగు డాన్సు బార్లు గలవు. వేదికమీద పిల్లలు నిలిచి ఆడుదురు. ఎదుట బల్లలయొద్ద కూర్చున్నవారు తమకు నచ్చిన పిల్ల మెడలో దండ వేయింతురు. ఆ దండకు వెల గలదు. ఒకడు వేసిన దండకు మించి మరియొకడు వేయించును. ఒక్క రాత్రిలో నెల జీతము కరిగిపోయినవారు కలరు. ఆ పిల్లలలో కొందరు కళాప్రదర్శనయనియో హోటలు ఉద్యోగమనియో చెప్పబడి విమానమెక్కినవారు. దిగిన తరువాత ఏజెంటు చేతిలో చిక్కి, ప్రయాణపు ఖర్చు తమ తలమీద అప్పుగా వ్రాయబడినదని తెలిసికొందురు. అనగా బల్లయొద్ద కూర్చున్న కూలివానికిని, వేదికమీదనున్న పిల్లకును ఏజెంటుయొక్క అప్పే తలమీద నున్నది. ఆ దేశ ప్రభుత్వము మనుష్యుల అక్రమ వ్యాపారమునకు విరోధముగా 2006లోనే చట్టము చేసెను. చట్టమున్నను ఆ వ్యాపారము సమసిపోలేదు.

మరియొక ఉచ్చు కలదు. కాలిబాటలమీదను, నిలిపియుంచిన కారుల అద్దములమీదను స్త్రీల బొమ్మలతో చిన్న చీటీలు పడియుండును. వాటిమీద మర్దనము అని వ్రాసి ఫోను నంబరు ఇత్తురు. ఆ నంబరునకు పిలిచి, చెప్పిన ఇంటికి పోయినవారిలో కొందరిని లోపలనున్న మూక కొట్టి, డబ్బు దోచి, వీడియో తీసి బెదరించుట జరిగినది. ఈ చీటీలను నమ్మవద్దని దుబాయి పోలీసులు పలుమారులు హెచ్చరించిరి. పరిచయముల కొరకైన ఫోను యాప్‌లలోను ఇట్టి వలలే పన్నబడుచున్నవి. సిగ్గుచేత ఫిర్యాదు చేయరని దొంగలకు తెలియును. సామెతలు ఏడవ అధ్యాయములో సందె చీకటిని వీధి మలుపునకు పోయిన యువకుడు కోతకు పోవు ఎద్దువలె నడిచిపోయెను గదా. ఎద్దునకు కత్తి సంగతి చివరివరకు తెలియదు.

ఇక్కడ ఒక యువకుడు ప్రశ్నింపవచ్చును: చట్టమే ఒప్పుకొనినప్పుడు మీరెందుకు తప్పనుచున్నారు? అది మంచి ప్రశ్నయే. మన దేశములో వ్యభిచారమును నేరముగా నెంచిన 497వ సెక్షనును సుప్రీం కోర్టు 2018 సెప్టెంబరులో కొట్టివేసెను. ఎమిరేట్సులో 2022 జనవరి నుండి అమలులోనికి వచ్చిన శిక్షాస్మృతి ప్రకారము, పెద్దలు ఇష్టపూర్వకముగా పెట్టుకొను వివాహేతర సంబంధముమీద భార్య గాని భర్త గాని సంరక్షకుడు గాని ఫిర్యాదు చేసిననే కేసు నడచును. డబ్బు పుచ్చుకొని చేయు వ్యాపారము మాత్రము అక్కడ నేరముగానే యున్నది. కొరింథులో కూడ కొందరు ఇదే వాదము తెచ్చిరి. పౌలు వారి స్వేచ్ఛను కాదనక, ఆ స్వేచ్ఛ మేలు చేయుచున్నదా, నన్ను దాసునిగా చేసికొనుచున్నదా అని రెండు ప్రశ్నలు వేసెను (6:12). ఫోను చేతిలోనుండి దింపలేని రాత్రి ఆ రెండవ ప్రశ్న వేసికొని చూడుడు.

తరువాత ఆయన చెప్పిన మాట ఆ కాలములో వింతయైనది. శరీరము ప్రభువుదనియు, పరిశుద్ధాత్మకు ఆలయమనియు, వెల పెట్టి కొనబడినదనియు చెప్పెను (6:13–20). వెల పెట్టి కొనుట యన్న మాటకు కొరింథువారికి భాష్యము అక్కరలేదు. మనుష్యులను కొనుట అమ్ముట వారెరిగినదే. ఆ సంఘములో దాసులు కూడ ఉండిరి (7:21). దాసి శరీరము దాసిది కాదు, యజమానునిది. అట్టి స్త్రీ సంఘములో ఒక మూల కూర్చుండి, నీ శరీరము దేవుని ఆలయము అన్న మాట విన్నప్పుడు ఏమనుకొనియుండును? ఈ వాక్యమును మనము పురుషుని బెదరించుటకే చదువుచున్నాము. దండ మెడలో వేయించుకొని నిలిచిన పిల్లకు కూడ అది సువార్తయే. ఆమె వెల దండ వెల కాదు.

దుబాయివరకు పోనక్కరలేదు కూడ. మన నిజామాబాదు జిల్లాలోనే దళిత కుటుంబముల ఆడపిల్లలను దేవత పేరిట జోగినులుగా విడిచి, పెండ్లి లేకుండ చేసి, ఊరి పెద్దలు అనుభవించు ఆచారము తరతరములుగా నడచెను. దానిని నిషేధించు చట్టము 1988లో వచ్చినది. చెరకు తోటల నడుమనున్న వర్నిలో, కవి గుర్రం జాషువా కుమార్తెయైన హేమలతా లవణం గారు తన భర్తతో కూడ జోగినుల కొరకు పాటుపడి, చెల్లి నిలయము స్థాపించిరి. వారు నాస్తిక కేంద్రపు కుటుంబమువారు. ఊరంతయు జోగిని యన్న స్త్రీని వారు చెల్లెలని పిలిచిరి. యూదులు తక్కువగా చూచిన సమరయుడు దారిన పడినవానియొద్ద ఆగిన ఉపమానము మనకు కంఠపాఠమే గదా.

ఇప్పుడు ఏడవ అధ్యాయమునకు వత్తము. సువార్త కూడికలలో దీనిని తక్కువగా చదువుదురు, బహుశః సిగ్గుచేత. భార్యాభర్తలు ఒకరినొకరు ఎడబాయకుండవలెననియు, ఎడబాయవలసివచ్చిన ఇద్దరి సమ్మతితో, కొంత కాలమునకే, ప్రార్థన నిమిత్తము ఎడబాసి తిరిగి కలియవలెననియు, లేనియెడల శోధకుడు వారి బలహీనతను ఆసరా చేసికొనుననియు పౌలు వ్రాసెను (7:5). ప్రార్థన కొరకైన ఎడబాటునకే ఇన్ని షరతులు పెట్టిన అపొస్తలుడు, రెండేండ్ల ఒప్పందమును గూర్చి ఏమనియుండును? తొలి ఒప్పందము తరువాత మరియొకటి, ఇల్లు కట్టుటకు ఒకటి, కూతురి పెండ్లికి ఒకటి. ఇట్లు ఇరువది ఏండ్ల కాపురములో కలిసియున్నది ఇరువది నెలలైనను లేనివారు కలరు.

అకుల ప్రిస్కిల్లలవలె ఇద్దరును పోరాదా? ఎమిరేట్సులో 2019 నుండి కుటుంబమును తెచ్చుకొనుటకు నెలకు 4,000 దిర్హములు గాని, వసతి గలిగి 3,000 దిర్హములు గాని జీతము ఉండవలెనను నియమము కలదు. వేయి దిర్హముల చుట్టు తిరుగు కూలివానికి అది అందని పండు. కనుక వాని ఒంటరితనము వాని దోషము కాదు. జీతపు పట్టిక వానికి విధించినది. అది పాపమునకు సాకు కాజాలదు. యోసేపు పదునేడేండ్ల ప్రాయమువాడై యుండగా అమ్మబడి, అన్యదేశపు ఇంట పని చేయుచు, యజమానుని భార్యను కాదని చెరసాలకు పోయెను. అతనికిని ఒంటరితనము కలదు. అయితే పాపమును మాత్రమే లెక్కించి ఆ జీతపు పట్టికను లెక్కింపని సంఘము సగము సత్యమే చెప్పుచున్నది.

ఇంటియొద్ద నిలిచిన భార్య మాట కూడ చెప్పవలెను. సామెతలు ఏడవ అధ్యాయములోని స్త్రీ, తన భర్త ఇంట లేడనియు, డబ్బు సంచి తీసికొని దూరప్రయాణము పోయెననియు చెప్పును (7:19–20). ఆ మాట పట్టుకొని గల్ఫు పోయినవారి భార్యలను అనుమానించు పెద్దలు మన వాడలలో ఉన్నారు. ఆ అధ్యాయము ఎవరితో చెప్పబడినదో చూడుడు: నా కుమారుడా అని యువకునితో. ఫోనులో నవ్విన ఆడదానిని గూర్చి గుసగుసలాడుట ఆ వాక్యమునకు అర్థము కాదు. మగదిక్కు లేని ఇంటి ముందు చీకటిలో తచ్చాడువానికి అది బుద్ధి చెప్పుచున్నది. ఈ విషయములో సహోదరునికి అన్యాయము చేయరాదని పౌలు థెస్సలొనీకవారికి కూడ వ్రాసెను (1 థెస్సలొనీకయులకు 4:6). సహోదరుడు క్యాంపులో నిద్రించుచుండగా వాని ఇంటి గౌరవము మన చేతిలో నున్నది.

ప్రయాణమైపోవు సహోదరుని కొరకు ప్రార్థించునప్పుడు విమానమును, వీసాను, యజమానుని గూర్చి ప్రార్థించుదుము. భార్య సమ్మతించెనా అని అడుగువారు ఎందరు? ఎన్ని నెలలకు తిరిగివత్తువు, ఎంత కూడినపిమ్మట చాలునందువు అని ఆమె యెదుటనే అడిగి, ఆ సంఖ్యను ఇద్దరి చేతను చెప్పించుట కాపరికి తగిన పని. వాడు అక్కడ తెలుగు ఆరాధన జరుగుచోటును ముందే తెలిసికొని పోవలెను. సెలవుదినమున పోవుటకు ఒక చోటు లేనివానిని డాన్సు బారు పిలుచును. పడినవాడు ఫోనుచేసి చెప్పుకొనుటకు ఊరిలో ఒక పెద్ద ఉండవలెను, ఆ పెద్ద నోరు గట్టివాడై యుండవలెను.

తిరిగివచ్చినవారితో ఒక మాట. ఎమిరేట్సులో నివాస వీసాకు రక్తపరీక్ష కలదు. హెచ్‌ఐవి కనబడినవారిని వెనుకకు పంపుదురు. కారణము ఇంట చెప్పక మౌనముగా నుండువాని మౌనము భార్యకు ప్రాణాపాయము. మన ప్రభుత్వ ఆసుపత్రులలో ఈ పరీక్ష ఉచితముగా చేయుదురు, మందులును ఉచితముగా ఇత్తురు. పరీక్ష ఫలితమును ఇతరులకు వెల్లడిచేయరాదని 2017లో చట్టము కూడ వచ్చినది. మందులు క్రమముగా పుచ్చుకొనువారు దీర్ఘకాలము బ్రదుకుచున్నారు, పిల్లలను కనుచున్నారు. భార్యాభర్తలిద్దరు కలిసి పోవుడు. సంకోచముగా ఉన్నయెడల కాపరిగాని, సంఘములోని నర్సు సహోదరిగాని తోడుగా వచ్చును.