మన శాసనసభ: దాని పూర్వ చరిత్ర, నిర్మాణము

గ్రామ పంచాయతీ సభ్యుడు మురుగు కాలువను గురించియో, మంచినీటి బావిని గురించియో తీర్మానము చేయునపుడు, ఆ తీర్మానము చేయు అధికారము తనకు ఎచ్చటినుండి సంక్రమించినదని సాధారణముగా విచారింపడు. ఆ అధికారము కలెక్టరు దయచేసినది కాదు. మంత్రి ఇచ్చిన వరము కాదు. అది రాష్ట్ర శాసనసభ చేసిన చట్టమువలన వచ్చినది. నేడు మన పంచాయతీలు 1994వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ననుసరించి నడచుచున్నవి. ఇచ్చిన చట్టమును సవరించు అధికారము కూడ శాసనసభకే కలదు. కావున ఆ సభ ఎట్లు పుట్టినది, అందెవరు కూర్చుందురు, అది ఏ పని చేయగలదు, ఏ పని చేయజాలదు అను విషయములను ప్రతి పంచాయతీ సభ్యుడును తెలిసికొనుట అవసరము. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములను ఉదాహరణముగా గైకొని ఈ పాఠమును వివరింతుము.

అధికారముల పంపకము

మన దేశము సమాఖ్య. అనగా ఢిల్లీలో పార్లమెంటు, రాష్ట్రములలో శాసనసభలు, రెండును రాజ్యాంగమునుండియే అధికారమును పొందినవి. ఎవరి పని యేదియో రాజ్యాంగములోని ఏడవ షెడ్యూలు మూడు జాబితాలుగా విభజించినది. వీనిని కంఠస్థము చేయ నక్కరలేదు. మన పొలిమేరలలోనే చూడవచ్చును.

పులివెందుల నియోజకవర్గములోని వేముల మండలమున తుమ్మలపల్లె యురేనియం గని యున్నది. అణుశక్తి ఖనిజములు కేంద్ర జాబితాలోనివి. కొండాపురము, ముద్దనూరు, యెర్రగుంట్లల మీదుగా పోవు రైలుమార్గమును కేంద్రము క్రిందిదే. యెర్రగుంట్ల, ముద్దనూరుల నడుమ నున్న రాయలసీమ తాప విద్యుత్కేంద్రము సంగతి వేరు. విద్యుచ్ఛక్తి ఉమ్మడి జాబితాలోనిది. దానిపై పార్లమెంటు, శాసనసభ రెండును చట్టములు చేయవచ్చును. రెండింటికి పొసగనిచో సాధారణముగా పార్లమెంటు చట్టమే నిలుచును. భూమి, వ్యవసాయము, ప్రజారోగ్యము, స్థానిక స్వపరిపాలనము రాష్ట్ర జాబితాలోనివి. మైలవరము జలాశయము, కడప-కర్నూలు కాలువ వంటి నీటిపారుదల పనులును అట్టివే. అయినను పెన్నానది కర్ణాటకములో పుట్టి మన రాష్ట్రములో ప్రవేశించుచున్నది గనుక, అంతర్రాష్ట్ర నదుల విషయమున కేంద్రమునకును అధికారము కలదు.

ఈ భేదము తెలియనిచో అర్జీ తప్పుడు వాకిటికి చేరును. రైల్వే గేటు కొరకు శాసనసభ్యుని చుట్టును, చెరువు మరమ్మతు కొరకు పార్లమెంటు సభ్యుని చుట్టును తిరిగినవాడు కాలము వ్యర్థపుచ్చుకొనును.

మద్రాసు కౌన్సిలు కాలము

1800వ సంవత్సరమున నిజాము కడప సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తము చేసెను. థామస్ మన్రో దత్త మండలములకు ప్రధాన కలెక్టరుగా వచ్చెను. నాడు శాసనమనగా గవర్నరు, ఆయన ఆలోచన సభ చేసిన నిబంధనలే. రైతు శిస్తు చెల్లించవలసినదే గాని, శిస్తును గురించి పలుక వీలులేదు.

1861వ సంవత్సరపు చట్టముచే మద్రాసు గవర్నరు సభకు శాసన నిర్మాణము కొరకు నలుగురికి తక్కువ కాకుండ, ఎనమండుగురికి మించకుండ అదనపు సభ్యులను చేర్చిరి. వారిలో సగమునకు తగ్గకుండ ఉద్యోగులు కానివారు ఉండవలెను. అయితే వారందరిని నియమించువాడు గవర్నరే. 1892లో ఈ అదనపు సభ్యుల సంఖ్యను ఇరువది వరకు పెంచిరి. పురపాలక సంఘములు, జిల్లా బోర్డులు మున్నగునవి తమ ప్రతినిధుల పేర్లను సూచించు పద్ధతి అప్పుడు వచ్చినది. పంచాయతీ సభ్యులు దీనిని ప్రత్యేకముగా గమనింపవలెను: మన ప్రాంతమున శాసనసభకు ప్రతినిధిని పంపు హక్కు మొదట దక్కినవారిలో స్థానిక సంస్థల సభ్యులొకరు.

1909లో ఎన్నిక అను మాటను చట్టము స్పష్టముగా అంగీకరించెను. 1919 చట్టము ననుసరించి 1920లో ఎన్నికలు జరిగి, 1921లో క్రొత్త కౌన్సిలు సమావేశమయ్యెను. అందు 98 మంది ఎన్నికైనవారు. విద్య, ఆరోగ్యము, స్థానిక పాలనము మంత్రులకు ఒప్పగింపబడెను. భూమి శిస్తు, పోలీసు గవర్నరు చేతిలోనే నిలిచెను. పానుగల్లు రాజా 1921 నుండి 1926 వరకు మొదటి మంత్రిగా ఉండెను. 1921లోనే స్త్రీలకు ఓటు హక్కునిచ్చు తీర్మానమును మద్రాసు కౌన్సిలు ఆమోదించెను. అయినను శిస్తో, పన్నో చెల్లించు స్తోమత గలవారికే నాడు ఓటు. కూలివానికి ఓటు లేదు.

1935 చట్టముచే మద్రాసుకు రెండు సభలు వచ్చెను. క్రింది సభలో 215 స్థానములు. 1937 ఎన్నికల అనంతరము రాజగోపాలాచారి ప్రధాని యయ్యెను. ఆంధ్రుడగు బులుసు సాంబమూర్తి సభాపతి యయ్యెను. 1939లో మంత్రివర్గము రాజీనామా యిచ్చెను. 1946లో టంగుటూరి ప్రకాశము ప్రధాని పదవిని స్వీకరించెను.

రాయలసీమ సందేహము

ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినచో సర్కారు జిల్లాల సభ్యులు అధిక సంఖ్యలో నుండి రాయలసీమ మాటను వినరేమో యను సందేహము మన పెద్దలకు ఉండెను. 1937 నవంబరు 16వ తేదీన మద్రాసులో, కాశీనాథుని నాగేశ్వరరావు గృహమగు శ్రీబాగులో ఉభయ ప్రాంతముల నాయకులు ఒక ఒడంబడిక చేసికొనిరి. అందు కడప కోటిరెడ్డి ఒకరు. నదీజలములలో రాయలసీమకు ప్రాధాన్యము, రాజధాని లేక హైకోర్టు కోరుకొను అవకాశము, శాసనసభలోని సాధారణ స్థానములు జిల్లాలకు సమానముగా నుండుట అందలి ముఖ్యాంశములు. 1953లో రాజధాని కర్నూలుకు వచ్చినది. అయితే స్థానముల పంపకము మాత్రము జిల్లాల సమానత ననుసరింపలేదు. రాజ్యాంగము జనసంఖ్యనే ప్రాతిపదికగా గైకొన్నది.

ఆంధ్ర రాష్ట్రము 1953 అక్టోబరు 1వ తేదీన 140 మంది శాసనసభ్యులతో అవతరించెను. 1952లో వయోజన ఓటు హక్కుతో మద్రాసు శాసనసభకు ఎన్నికైనవారే వీరు. మరుసటి సంవత్సరము నవంబరులో ప్రకాశము మంత్రివర్గము అవిశ్వాస తీర్మానమున ఒక్క ఓటు తేడాతో పడిపోయెను. సభలో ఒక్క సభ్యుని హాజరునకు ఎంత విలువ కలదో దీనివలన తెలియును. 1955 మధ్యంతర ఎన్నికలకు 196 స్థానములు ఏర్పడెను. 1956 నవంబరు 1న తెలంగాణము కలిసి ఆంధ్రప్రదేశ్ ఏర్పడగా సభలో 301 స్థానములు అయ్యెను. అయ్యదేవర కాళేశ్వరరావు ప్రథమ సభాపతి. 1978 నాటికి స్థానముల సంఖ్య 294. 2014 జూన్ 2న రాష్ట్రము రెండుగా విడిపోగా ఆంధ్రప్రదేశ్‌కు 175, తెలంగాణకు 119 వచ్చినవి. 2017 నుండి మన సభ అమరావతిలోని వెలగపూడిలో సమావేశమగుచున్నది.

నియోజకవర్గముల నిర్మాణము

2008లో అమలులోనికి వచ్చిన పునర్విభజనము ప్రకారము పులివెందుల నియోజకవర్గములో సింహాద్రిపురము, లింగాల, తొండూరు, పులివెందుల, వేముల, వేంపల్లె, చక్రాయపేట అను ఏడు మండలములు కలవు. జమ్మలమడుగులో పెద్దముడియము, మైలవరము, కొండాపురము, జమ్మలమడుగు, ముద్దనూరు, యెర్రగుంట్ల అను ఆరు. ప్రొద్దుటూరులో ప్రొద్దుటూరు, రాజుపాళెము అను రెండే. రెండు మండలములకు ఒక సభ్యుడు, ఏడు మండలములకును ఒక సభ్యుడేనా యని కొందరు అడుగుదురు. లెక్కించునది భూమిని కాదు, మనుష్యులను. ప్రొద్దుటూరు పెద్ద పట్టణము గనుక రెండు మండలములతోనే ఆ సంఖ్య నిండినది.

అయితే పల్లెలు దూరముగా చెదరియున్న నియోజకవర్గమున సభ్యుడు ప్రతి గ్రామమునకు వచ్చుట కష్టము. అచ్చటి పంచాయతీలు వ్రాతపూర్వకముగా తమ అవసరములను తెలుపుట మరింత ముఖ్యము.

175 స్థానములలో 29 షెడ్యూల్డు కులములకు, 7 షెడ్యూల్డు తెగలకు ప్రత్యేకింపబడినవి. సభ్యునికి 25 సంవత్సరములు నిండవలెను. సభ కాలపరిమితి ఐదు సంవత్సరములు. 2023 నాటి 106వ రాజ్యాంగ సవరణ స్త్రీలకు మూడవ వంతు స్థానములను కేటాయించినది. జనగణన, పునర్విభజనముల పిమ్మట అది అమలగునని ఆ సవరణయే చెప్పుచున్నది. పంచాయతీలలో స్త్రీలకు సగము స్థానములను ఇచ్చిన మన రాష్ట్రమున గ్రామము శాసనసభకంటె ముందు నడచినది.

శాసనమండలి

రెండవ సభయగు శాసనమండలి 1958లో 90 మంది సభ్యులతో ఏర్పడెను. 1985లో రద్దయి, 2007లో తిరిగి ఏర్పడెను. 2020 జనవరిలో దానిని రద్దు చేయవలెనని శాసనసభ తీర్మానించి, 2021 నవంబరులో ఆ తీర్మానమును ఉపసంహరించుకొన్నది. శాసనసభ ప్రత్యేకాధిక్యతతో తీర్మానించిన మీదట పార్లమెంటు సాధారణ చట్టముతోనే మండలిని ఉంచవచ్చును, తీసివేయవచ్చును. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండు 1922లోను, కెనడాలోని క్విబెక్ 1968లోను తమ రెండవ సభలను తీసివేసినవి. కావున ఈ చర్చ మనకే పరిమితము కాదు.

నేటి మండలిలో 58 మంది. శాసనసభ్యులు ఎన్నుకొనువారు 20, స్థానిక సంస్థలవారు ఎన్నుకొనువారు 20, పట్టభద్రులు 5, ఉపాధ్యాయులు 5, గవర్నరు నామనిర్దేశము చేయువారు 8. సభ్యుని కాలము ఆరు సంవత్సరములు. రెండేండ్లకొకసారి మూడవ వంతు విరమింతురు. మండలి సాధారణ బిల్లును మొదట మూడు నెలలు, రెండవసారి ఒక నెల మాత్రమే ఆపగలదు. ద్రవ్య బిల్లును పదునాలుగు దినములకు మించి ఆపజాలదు. తుదిమాట ప్రజలు నేరుగా ఎన్నుకొన్న సభదే.

ఇచ్చట ఒక సంగతిని దాచక చెప్పవలెను. స్థానిక సంస్థల స్థానమునకు మన రాష్ట్రమున ఓటు వేయువారు మండల ప్రాదేశిక సభ్యులు, జిల్లా పరిషత్తు ప్రాదేశిక సభ్యులు, పురపాలక, నగరపాలక సభ్యులు. గ్రామ పంచాయతీ సభ్యునికి ఆ ఓటు లేదు. పొరుగున కర్ణాటకములో గ్రామ పంచాయతీ సభ్యులకు ఆ ఓటు కలదు. ఏది మేలో ఆలోచించి చెప్పుట పంచాయతీ సభ్యుల వంతు.

పంచాయతీ సభ్యుని కర్తవ్యము

1993లో అమలులోనికి వచ్చిన 73వ సవరణ పంచాయతీలకు రాజ్యాంగములో స్థానము కల్పించినది. పదునొకండవ షెడ్యూలులో 29 విషయములను పేర్కొన్నది. కాని వానిలో ఏవి, ఎంతవరకు పంచాయతీకి అప్పగింపవలెనో నిర్ణయించునది శాసనసభయే. పన్ను వేయు అధికారమును ఇచ్చునదియు అదియే. రాష్ట్ర ఆర్థిక సంఘము పంచాయతీలకు నిధులనుగూర్చి చేసిన సిఫారసులు శాసనసభ ముందుంచబడును. అందుచేత సభలో పంచాయతీని గురించి పలుకువారు లేనిచో కాగితముపైని అధికారము కాగితముపైనే నిలుచును. 2018 ఆగస్టులో పంచాయతీల గడువు తీరిన పిదప 2021 ఎన్నికల వరకు గ్రామములను ప్రత్యేకాధికారులు పాలించిరి. ఆ కాలమున తమ వార్డు సభ్యుడు లేని లోటును గ్రామస్థులు ఎరుగుదురు.

మరి చేయదగిన దేమి? మొదటిది, గ్రామసభలో చర్చించి, విషయము ఏ జాబితాలోనిదో తేల్చుకొని, లెక్కలతో తీర్మానము వ్రాయుట. రెండవది, మండల పరిషత్తు సమావేశమును వాడుకొనుట. శాసనసభ్యుడు ఆ పరిషత్తులో సభ్యుడు, సర్పంచులు ఆహ్వానితులు. ఇద్దరును ఒకేచోట కూర్చుండు సందర్భ మది. మూడవది, సమస్య తీరనిచో సభలో ప్రశ్న వేయుమని శాసనసభ్యుని కోరుట. ప్రశ్నోత్తరముల సమయమున మంత్రి జవాబు చెప్పవలెను. మంత్రి సభలో ఇచ్చిన హామీలను పరిశీలించుటకు ఒక కమిటీ కలదు. ప్రజల అర్జీలను పరిశీలించుటకు మరియొక కమిటీ కలదు. హామీ ఇచ్చిన తేదీని పంచాయతీ రికార్డులో వ్రాసి యుంచుకొనుట మంచిది.

స్విట్జర్లాండులోని గ్లారుస్ అను చిన్న రాష్ట్రములో నేటికిని ఏటేట పౌరులు మైదానమున గుమిగూడి, చేతులెత్తి చట్టములను నిర్ణయింతురు. అంత పెద్ద రాష్ట్రమగు మనకు అది సాధ్యము కాదు గనుక 175 మందిని పంపుచున్నాము. కాని మన గ్రామసభలో ఆ పద్ధతి సజీవముగా నున్నది. గ్రామసభ నిండుగా జరిగిన ఊరి మాటకు శాసనసభలో బలముండును. గ్రామసభ కాగితముపై మాత్రమే జరిగిన ఊరి తరపున మాటాడుటకు ఎంత సమర్థుడైన శాసనసభ్యునికైనను ఆధారము దొరకదు.